ఒక బడి రిజిస్టరు – సమాజశాస్త్రపు చూపులు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్లు నిండిన బడిలో మాట్లాడమంటే ఎవరికైనా జ్ఞాపకాలు ముప్పిరిగొంటాయి. నాకూ అంతే. కాని ప్రధానోపాధ్యాయులవారు నన్ను పిలిచినప్పుడు ఒక షరతు పెట్టారు. “జ్ఞాపకాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. మీరు జీవితమంతా సమాజశాస్త్రం బోధించినవారు. ఆ శాస్త్రం మన బడిని గురించి, మన కౌల్ బజారును గురించి ఏమి చెబుతుందో మా పెద్ద తరగతుల పిల్లలకు కూడా బోధపడేటట్లు చెప్పండి” అన్నారు. ఆ ఆజ్ఞను శిరసావహించి ఈ నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాను.

ఉపన్యాసానికి సిద్ధం కావడానికి వచ్చినప్పుడు వారు నా ముందు పాత ప్రవేశాల రిజిస్టరు ఒకటి పెట్టారు. అంచులు చిరిగి, అట్ట ఊడి, సిరా గోధుమరంగుకు తిరిగిన పుస్తకం అది. అందులో విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, తండ్రి పేరు, తండ్రి వృత్తి అనే గడులున్నాయి. నేను మొదట నా పేరే వెదుక్కున్నాను. మానవ సహజం. తరువాత పేర్లు వదిలి గడులు చదవడం మొదలుపెట్టాను. సమాజశాస్త్రం అక్కడే మొదలవుతుంది. ఒక పేరు చదివితే అది ఒక మనిషి కథ. వంద పేర్ల పక్కనున్న గడులను కలిపి చదివితే అది సమాజం కథ.

సమాజాన్ని ఒక శాస్త్రంగా అధ్యయనం చేయవచ్చునని తలచి దానికి పేరు పెట్టినవాడు ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్. అది 1838 ప్రాంతపు మాట. ఆనాటి నుంచి నేటి వరకు సమాజశాస్త్రజ్ఞులు సమాజాన్ని ఒకే విధంగా చూడలేదు. వారి చూపులలో మూడు ముఖ్యమైనవి. మొదటిది ప్రకార్యవాదం. రెండవది సంఘర్షణ సిద్ధాంతం. మూడవది ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం. పేర్లు విని పిల్లలు బెదరవలసిన పని లేదు. మూడూ మూడు ప్రశ్నలు మాత్రమే. “ఇది దేనికి ఉపయోగపడుతోంది?” అన్నది మొదటి ప్రశ్న. “ఇందువల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం?” అన్నది రెండవది. “ఇందులో ఉన్న మనుషులు దీనికి ఏ అర్థం చెప్పుకుంటున్నారు?” అన్నది మూడవది. ఈ మూడు ప్రశ్నలతోనే ఆ రిజిస్టరును చదువుదాము.

ముందుగా మనం కూర్చున్న ఈ నేలను తలచుకోవాలి. 1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత బళ్ళారి పెద్ద సైనిక స్థావరమైంది. దండును ఆశ్రయించి పెరిగిన పేట మన కౌల్ బజారు. కౌలు అంటే ఒడంబడిక. పేరులోనే ఒప్పందమున్న ఊరు మనది. దండుకు బట్టలు కుట్టేవారు, సరుకులమ్మేవారు, బండ్లు తోలేవారు, వంటవారు తలా ఒక దిక్కు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అందుకే మన వీధిలో పలకరింపు ఉర్దూలో, బేరం కన్నడంలో, లెక్క తెలుగులో, దెబ్బలాట మూడింటిలోనూ సాగేది. మధ్యలో తమిళం కూడా వినబడేది.

ఇప్పుడు మొదటి చూపు. ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు ఎమీల్ దుర్ఖైమ్ 1893లో శ్రమ విభజనను గురించి గొప్ప గ్రంథం రాశాడు. పూర్వ సమాజాలలో మనుషులు ఒకే పని చేస్తూ, ఒకే విధంగా ఆలోచిస్తూ ఉండడం వల్ల కలిసి ఉండేవారు. ఆధునిక సమాజంలో తలా ఒక పని చేస్తూ ఒకరిపై ఒకరు ఆధారపడడం వల్ల కలిసి ఉంటారు. ఇది ఆయన సిద్ధాంతసారం. కౌల్ బజారు ఈ రెండవ కోవకు చక్కని ఉదాహరణ. రిజిస్టరులో తండ్రి వృత్తి గడిలో దర్జీ, హమాలి, రైల్వే కళాసి, బండి తోలడం, చిల్లర అంగడి, కూలి అని వరుసగా ఉన్నాయి. ఒకరి భాష ఒకరికి సరిగా రాకపోయినా ఒకరి పని ఒకరికి కావాలి. ఊరు నిలిచింది ఆ అవసరం మీదనే.

ఈ చూపుతో చూస్తే బడి ఎందుకు? చదువు, లెక్కలు నేర్పడానికి అంటాము. అమెరికన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1949లో ప్రకార్యాలు రెండు విధాలని చెప్పాడు. అందరికీ తెలిసి, కోరి చేసేవి గోచర ప్రకార్యాలు. ఎవరూ కోరకుండానే జరిగిపోయేవి గుప్త ప్రకార్యాలు. మన బడి గోచర ప్రకార్యం చదువు చెప్పడం. గుప్త ప్రకార్యమేమిటో తెలియాలంటే 1953 గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న బళ్ళారి జిల్లా పది తాలూకాలలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి. తక్కిన ఏడు మైసూరులో చేరాయి. బళ్ళారి తాలూకా ఎవరికి చెందాలన్న వివాదం మీద జస్టిస్ మిశ్రా విచారణ జరిగి, చివరకు అది మైసూరుకే దక్కింది. రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో మళ్ళీ ఆంధ్రకివ్వాలని సిఫారసు చేసినా 1956లో అది అమలు కాలేదు. అప్పటికి మన బడి పసిబిడ్డ. అత్తవారిల్లు ఆదోనిలో, అమ్మగారిల్లు కౌల్ బజారులో ఉన్న కుటుంబాల మధ్య రాష్ట్రపు గీత పడింది. రాయదుర్గం మేనమామకు ఉత్తరం రాయాలన్నా, గుంటకల్లు నుంచి వచ్చిన పెండ్లి పత్రిక చదవాలన్నా తెలుగు చదువు కావాలి. ఆ బంధాలను తెగిపోకుండా పట్టుకున్నది ఈ బడి. ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని ఈ పనిని డెబ్బై అయిదేళ్లు నిశ్శబ్దంగా చేసింది.

దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యను గురించి రాసిన గ్రంథంలో మరొక మాట చెప్పాడు. దారిద్ర్యమే కాదు, హఠాత్తుగా వచ్చిపడిన సంపద కూడా మనుషులను కట్టడి చేసే నియమాలను ఛేదిస్తుందన్నాడు. 2000 తరువాతి దశాబ్దంలో ఇనుప ఖనిజపు ధర పెరిగినప్పుడు మన జిల్లా చూసినది అదే. ఎర్రని ధూళిలో లారీలు బారులు తీరాయి. నిన్నటివరకు బడికి వచ్చిన పిల్లవాడు నేడు లారీ క్లీనరయ్యాడు. 2011 జులైలో సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకం నిలిపివేయగానే ఆ లారీలన్నీ ఒక్కసారిగా ఆగాయి. 2013లో షరతులతో తిరిగి అనుమతి వచ్చింది. ఈ మధ్యకాలంలో చదువు వదిలిన పిల్లలలో ఎందరు తిరిగి బడికి వచ్చారో మన ఉపాధ్యాయులకు తెలుసు.

అయితే ప్రకార్యవాదానికి ఒక లోపముంది. ఉన్నదంతా ఏదో ఒక ప్రయోజనం కోసమే ఉందని అది నమ్మజూస్తుంది. హమాలి కొడుకు హమాలి కావడం కూడా సమాజానికి ఉపయోగమేనంటే ఆ కొడుకు ఒప్పుకుంటాడా? ఇక్కడే రెండవ చూపు అవసరమవుతుంది.

కార్ల్ మార్క్స్ సమాజాన్ని ఒప్పందంగా చూడలేదు. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయి, శ్రమ ఎవరిది, ఫలమెవరిది అని అడిగాడు. మాక్స్ వెబర్ ఆ ప్రశ్నను విస్తరించి, ఆస్తితోపాటు గౌరవం, అధికారం అనేవి కూడా మనుషులను విభజిస్తాయని చూపాడు. మన దేశంలో ఈ ప్రశ్నను అందరికంటె సూటిగా అడిగినవారు డాక్టర్ అంబేద్కర్. కులవ్యవస్థ కేవలం పనుల విభజన కాదని, పనివారినే మెట్లు మెట్లుగా విడదీయడమని ఆయన 1936లో వాదించారు. ప్రకార్యవాదులకు ఇంతకంటె గట్టి సమాధానం లేదని నా అభిప్రాయం.

ఈ చూపుతో రిజిస్టరు తిరిగి తెరిచాను. ఇటీవలి పుటలలో తండ్రి వృత్తి గడిలో జీన్స్ అన్న మాట పదే పదే కనిపిస్తుంది. దండుకు దుస్తులు కుట్టిన చేతుల నేర్పే నేటి జీన్స్ పరిశ్రమకు మూలమని మన పెద్దలు చెబుతారు. బళ్ళారి జీన్స్ పేరు నేడు దేశమంతటా తెలుసు. మంచిదే. కాని కత్తిరింపు ఒకరిది, కుట్టు ఒకరిది, ఉతుకు ఒకరిది, పేరు మరొకరిది. కూలి రోజుకు కాదు, నగకు ఇంత అని. సీజను లేకపోతే కూలి లేదు. కూలి లేని నెలలో బడికి రాని పిల్లలుంటారు. హాజరుపట్టీలోని గైర్హాజరీలను సోమరితనమని ఉపాధ్యాయుడు అనుకోవచ్చు. సంఘర్షణ సిద్ధాంతం తెలిసినవాడు ముందు ఆ ఇంట్లో ఆ నెల మిషను నడిచిందా అని అడుగుతాడు.

మరొక సంగతి నన్ను కలతపెట్టింది. ఆ రిజిస్టరులో తల్లి వృత్తి అనే గడే లేదు. వృత్తి మాట అటుంచండి, పాత పుటలలో తల్లి పేరుకే చోటు లేదు. కౌల్ బజారు సందులలో నడిచినవారికి తెలుసు. గడపలో కూర్చుని, ఒడిలో జీన్స్ గుట్ట పెట్టుకుని, దారపు కొసలు కత్తిరించే చేతులు ఎవరివి? తల్లులవి, అక్కలవి. ఆ పని లేకపోతే నగ అంగడికి చేరదు. అయినా ఏ గడిలోనూ అది పనిగా నమోదు కాలేదు. స్త్రీవాద సమాజశాస్త్రజ్ఞులు గత యాభై ఏళ్లుగా చెబుతున్నదిదే. ఏది రాశారో చదవడంతో సరిపోదు. ఏది రాయకుండా వదిలారో కూడా చదవాలి.

ఇక చదువు మాట. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పియెర్ బూర్దియూ, ఝాన్ క్లోద్ పాసెరాన్ 1970లో ఒక చేదు నిజం ముందుకు తెచ్చారు. బడి అందరికీ ఒకే పరీక్ష పెడుతుంది. కాని పెద్దింటి పిల్లవాడు మాటతీరు, పుస్తకాల పరిచయం, నడవడి అనే పెట్టుబడిని ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆ సాంస్కృతిక పెట్టుబడిని బడి ప్రతిభ అని పొగుడుతుంది. మన కాలంలో ఆ పెట్టుబడి పేరు ఇంగ్లీషు. దానిని కోరే పేద తల్లిని మనం నిందించలేము. తన బిడ్డ ఎక్కవలసిన మెట్టు ఏదో ఆమెకు మనకంటె బాగా తెలుసు.

అయితే సంఘర్షణ సిద్ధాంతానికీ హద్దు ఉంది. అది మనిషిని వర్గానికో, కులానికో ప్రతినిధిగా చూస్తుంది. ఒకే వీధిలో, ఒకే విధమైన ఇంట్లో పుట్టిన ఇద్దరు పిల్లలలో ఒకడు చదువు మానేసి, మరొకడు నిలబడ్డాడంటే కారణమేమిటో అది పూర్తిగా చెప్పలేదు. దానికి మూడవ చూపు కావాలి.

ఈ మూడవ చూపు అమెరికాలో పుట్టింది. చార్లెస్ కూలీ 1902లో ఒక మంచి ఉపమానం చెప్పాడు. ఎదుటివారి కళ్ళు మనకు అద్దాలు. వారు మనలను ఎలా చూస్తున్నారని అనుకుంటామో అలాగే మనలను మనం తీర్చిదిద్దుకుంటాము. జార్జి హెర్బర్ట్ మీడ్ దీనిని సిద్ధాంతంగా పెంచాడు. ఆయన శిష్యుడు హెర్బర్ట్ బ్లూమర్ 1937లో దీనికి నేటి పేరు పెట్టాడు. మనుషులు వస్తువులతోనూ, తోటివారితోనూ వ్యవహరించేది వాటికి తాము ఇచ్చుకున్న అర్థాలను బట్టి. ఆ అర్థాలు పుట్టేది మాటల్లో, చూపుల్లో, సైగల్లో.

ఎర్వింగ్ గాఫ్‌మన్ 1956లో దైనందిన జీవితాన్నే ఒక నాటకంగా వర్ణించాడు. మనిషికి రంగస్థలమొకటి, నేపథ్యమొకటి ఉంటాయని, రెండుచోట్లా అతని నడవడి వేరని చూపాడు. బళ్ళారివారికి ఈ మాట కొత్త కాదు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ పోటీపడి తెలుగు నాటకాన్ని పెంచిన ఊరు మనది. 1880లో తాడిపత్రిలో పుట్టి, ఇక్కడ న్యాయవాదిగా ఉంటూ నటించిన రాఘవాచార్యులవారిని లోకం బళ్ళారి రాఘవగానే గుర్తించింది. కోలాచలంవారి రామరాజు చరిత్రలో ఆయన పఠాన్ రుస్తుం వేషం ప్రసిద్ధం. పగలు కోర్టులో నల్లకోటు, రాత్రి రంగం మీద పఠాను దుస్తులు. రెండూ పాత్రలే. మన వీధిలో ప్రతి పిల్లవాడూ ఇంట్లో ఒక పాత్ర, బడిలో ఒక పాత్ర, బజారులో ఒక పాత్ర, మూడు భాషల్లో పోషిస్తూనే ఉన్నాడు. దీనిని తక్కువ విద్యగా ఎవరూ ఎంచకూడదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. ఈ బడి ముగించి నేను కళాశాలలో చేరిన మొదటి వారంలో ఒక అధ్యాపకుడు ఇంగ్లీషులో ఏదో ప్రశ్న అడిగాడు. సమాధానం నాకు తెలుసు. మాట రాలేదు. “తెలుగు మీడియమా?” అని ఆయన నవ్వాడు. తరగతి అంతా నవ్వింది. ఆయనకు అది తమాషా. నాకు అది పేరైపోయింది. ఆ తరువాత రెండేళ్లు నేను ఏ తరగతిలోనూ చేయి ఎత్తలేదు. నాకు రానిది ఇంగ్లీషు మాత్రమే. అన్నీ రానివాడినని నేను నమ్మాను. ఒక పరిస్థితిని మనుషులు నిజమని నమ్మితే దాని ఫలితాలు నిజమవుతాయని డబ్ల్యు. ఐ. థామస్ 1928లో చెప్పిన సూత్రం నేను పుస్తకంలో చదవకముందే అనుభవించాను.

ఈ నమ్మకం ఉపాధ్యాయుల వైపు నుంచి కూడా పనిచేస్తుంది. 1968లో రోజెంతాల్, జేకబ్‌సన్ అనే ఇద్దరు ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధమైనది. ఏ లెక్కా లేకుండా ఎంచిన కొందరు పిల్లలను గురించి, వీరు త్వరలో వికసిస్తారని ఉపాధ్యాయులకు చెప్పారు. ఏడాది తిరిగేసరికి, ముఖ్యంగా చిన్న తరగతులలో, ఆ పిల్లలు ఎక్కువ అభివృద్ధి చూపారు. ఆ ఫలితం ఎంత పెద్దదన్న విషయంలో తరువాతి పరిశోధకులు చాలా వాదించుకున్నారు. కాని ఉపాధ్యాయుని కంటిలో ఆశ ఉండడం వేరు, లేకపోవడం వేరు అని ఈ బడిలో చదివిన మనకు ఏ పరిశోధనా చెప్పనక్కరలేదు.

విదేశీ పేర్లే చెప్పానని తలచకండి. మైసూరులో పుట్టిన ఎం. ఎన్. శ్రీనివాస్, 1955లో హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను గురించి గ్రంథం ప్రచురించిన ఎస్. సి. దూబే మన పల్లెలలో తిరిగి, చూసి, విని శాస్త్రం రాసినవారు. సిద్ధాంతం దూరం నుంచి వచ్చినా సాక్ష్యం మన వీధి నుంచే రావాలని వారు నేర్పారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రిజిస్టరు చివరి పుటలు పలుచబడుతున్నాయి. ఒకప్పుడు రెండు సెక్షన్లుగా విడదీసిన తరగతులలో నేడు ముందు బెంచీలు నిండితే చాలుననిపిస్తోంది. ఈ బడి శతజయంతి జరుపుకుంటుందా అన్న ప్రశ్న ఈ పందిరి కింద అందరి మనసుల్లోనూ ఉంది. ఎవరూ పైకి అనడం లేదు. నేను అంటున్నాను.

అనే అర్హత నాకు తక్కువ. ఎందుకంటే నా పిల్లలిద్దరినీ నేను ఈ బడికి పంపలేదు. నాకు జరిగిన అవమానం వారికి జరగకూడదని ఇంగ్లీషు మాధ్యమంలో చేర్చాను. వారు బాగుపడ్డారు. కాని రేపు ఈ ప్రసంగం సంచికలో అచ్చయినప్పుడు నా మనుమరాలు దానిని చదవలేదు. నేను చదివి వినిపించాలి. లాభమూ నిజమే, నష్టమూ నిజమే. ఒకటి చెప్పి మరొకటి దాస్తే అది శాస్త్రం కాదు.

మూడు చూపులనూ కలిపి ఆలోచిద్దాము. బడి మూతపడితే చదువు మరోచోట దొరుకుతుంది గాని, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న బంధుత్వాల భాష మరోచోట దొరకదని మొదటి చూపు హెచ్చరిస్తుంది. భాషాభిమానం పేరుతో పేదవాని బిడ్డను మాత్రమే తెలుగులో ఉంచి, అభిమానం చెప్పేవారి బిడ్డలు ఇంగ్లీషులో చదవడం అన్యాయమని రెండవ చూపు నిలదీస్తుంది. ఆ నిలదీత నాకే తగులుతుంది. తెలుగు మీడియం అన్న మాటకు చిన్నతనమనే అర్థం మనమే ఇచ్చామని, ఇచ్చిన అర్థాన్ని మార్చడం కూడా మన చేతుల్లోనే ఉందని మూడవ చూపు ధైర్యమిస్తుంది.

చట్టం మనకు కొంత అండ ఇచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం చెబుతుంది. ఏ మాధ్యమమైనా ఎంచుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులదని, ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని నిర్బంధించరాదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. కనుక ఈ బడిని చట్టం బలవంతంగా నిలబెట్టదు. తల్లిదండ్రులు ఎంచుకునే యోగ్యత ఉంటేనే నిలుస్తుంది.

అందుకు నా మనవులు మూడు. మొదటిది పూర్వ విద్యార్థులకు. భవనానికి రంగు వేయించడానికి చందాలిస్తున్నాము. సంతోషం. దానితోపాటు ఒక మంచి ఇంగ్లీషు ఉపాధ్యాయుని జీతానికి శాశ్వత నిధి ఏర్పరుద్దాము. తెలుగులో శాస్త్రం అర్థం చేసుకుని, ఇంగ్లీషులో జంకు లేకుండా మాట్లాడి, కన్నడంలో ఊరితో మెలగగల పిల్లవాడు ఈ బడి నుంచి వచ్చిన నాడు తల్లులు తామే వస్తారు. రెండవది ఉపాధ్యాయులకు. గైర్హాజరు గుర్తు పెట్టేముందు ఇంటి సంగతి ఒక్కసారి అడగండి. ఏ పిల్లవానికీ నవ్వుతో పేరు పెట్టకండి. మూడవది పెద్ద తరగతుల పిల్లలకు. ఈ పాత రిజిస్టరులన్నీ తెరిచి, మీ వీధిలో ఒక్కొక్క ఇంటికి వెళ్ళి, లేని ఆ గడిని మీరు నింపండి. మీ అవ్వ ఏ పని చేసేది, మీ అమ్మ ఏ పని చేస్తోంది అని అడిగి రాయండి. కౌల్ బజారు చరిత్రలో ఇంతవరకు ఎవరూ రాయని పుట అది. మీరు రాస్తే సమాజశాస్త్రం నేర్చుకున్నట్లే.

నా పేరున్న పుట మూసేముందు మా అమ్మ పేరు అక్కడ లేదని గమనించాను. ఆమె రాత్రిపూట దీపం ముందు కాజాలు కుట్టి నా ఫీజు కట్టింది. ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో ఆ పుట అంచున పెన్సిలుతో ఆమె పేరు, ఆమె పని రాసి వచ్చాను. నియమం తప్పానేమో, పెద్దలు మన్నించాలి.